మెంటన్: నిమ్మతోటలును, నీరెండయు

మధ్యధరా సముద్రతీరమున ఫ్రాన్సు దేశము ముగిసి ఇటలీ దేశము మొదలగుచోట మెంటన్ అను చిన్న పట్టణము కలదు. ఆల్ప్సు పర్వతశాఖలు దాని వెనుక వేయి మీటర్లకు మించిన యెత్తున గోడవలె నిలిచియుండుటచే ఉత్తరపు చలిగాలి ఆ యూరిని తాకజాలదు. ముందు దక్షిణమున సముద్రము. అది పగటి వేడిమిని దాచుకొని రాత్రివేళ మెల్లగా తిరిగి యిచ్చుచుండును. ఉత్తర ఐరోపాలో మంచు కురియు జనవరి మాసమున ఇచ్చట నిమ్మచెట్లు పూవును, కాయను ఒక్క కొమ్మమీదనే ధరించి నిలుచును. పెరటిలో నిమ్మచెట్టున్న మన యిల్లాలికి ఇది వింతగా తోచదు గాని, నెలలతరబడి సూర్యుని సరిగా నెరుగని ఇంగ్లండు, రష్యా దేశములవారికి ఇది స్వర్గమే.

స్వర్గమన్న మాటకు ఆ యూర ఒక కథయు గలదు. ఈడెను తోటనుండి వెడలగొట్టబడినపుడు హవ్వ ఒక నిమ్మపండును రహస్యముగా తెచ్చుకొన్నదట. ఎన్నో దేశములు తిరిగి, మెంటన్‌కు తూర్పుననున్న గరవాన్ అఖాతమును జూచి, తాను పోగొట్టుకొన్న తోట యిట్లే యుండెడిదని తలచి, ఆ పండును అచ్చటనే పాతిపెట్టినదట. శాస్త్రజ్ఞులు చెప్పునది వేరు. నిమ్మజాతికి పుట్టినిల్లు మన హిమాలయముల ఆగ్నేయపాదము: అస్సాము తూర్పుకొన, ఉత్తర బర్మా, చైనాలోని యున్నాను ప్రాంతము. పుల్లనారింజయు మాదీఫలమును కలియగా పుట్టినది మెంటన్ నిమ్మ; మనము ఊరగాయకు వాడు గుండ్రని నిమ్మకంటె పెద్దది, కోలగా నుండును. అరబ్బులు దానిని మధ్యధరా తీరములకు వ్యాపింపజేసిరి. హవ్వ కథలో నిజములేకున్నను, పండు తూర్పునుండి వచ్చినదన్న మాట మాత్రము నిజమే.

కొండవాలున మెట్లుమెట్లుగా రాతికట్టలు కట్టి తోటలు వేసిరి. కోసిన కాయలను గంపలకెత్తి, నెత్తిన బెట్టుకొని, ఆ మెట్లమీదుగా ఓడలయొద్దకు దింపినవారు స్త్రీలు. యాత్రికులు వ్రాసిన పుస్తకములలో సముద్రపు నీలిమను గూర్చి పుటలకు పుటలు కలవు. ఆ గంపల బరువును గూర్చి యొక పంక్తి దొరకుట యరుదు.

1346లో ఈ యూరిని గ్రిమాల్డి వంశీయుడొకడు కొనెను. అప్పటినుండి అయిదు శతాబ్దములు ఇది మొనాకో ప్రభువుల యేలుబడిలో నుండెను. తుదకు ఆ ప్రభుత్వమునకు మూలము కదలించినది ఒక విధముగా రొట్టెయే. 19వ శతాబ్ది తొలిభాగమున అయిదవ హొనోరే ప్రభువు పిండిని, రొట్టెను తన గుత్తకు లోబరచి, బయటి రొట్టె తినరాదని శాసించెను. ఇంటిలో పిల్లలకు పెట్టు రొట్టెముక్కపై దొర చేయివేసినయెడల ఏ తల్లి సహించును? ఆ గుత్త తొలగిన తరువాతగూడ పన్నుల బాధ తీరలేదు. 1848లో మెంటన్, పొరుగూరు రోక్‌బ్రూన్ కలిసి తిరుగబడి, తాము స్వతంత్ర నగరములమని చాటినవి. 1860లో ప్రజలు ఫ్రాన్సులో చేరుటకు సమ్మతి నిచ్చిరి. మరుసటి యేట మొనాకో ప్రభువు 40 లక్షల ఫ్రాంకులు పుచ్చుకొని తన హక్కును వదలుకొనెను. రాజ్యములో అధికభాగము పోయిన ఆ ప్రభువులు జూదశాలనే నమ్ముకొనిరి. నేడు లోకమెల్ల నెరిగిన మాంటికార్లో వైభవము ఆ జూదశాలదే.

1859లో జేమ్సు హెన్రీ బెన్నెట్ అను ఇంగ్లీషు వైద్యుడు మెంటన్‌కు వచ్చెను. స్త్రీల వ్యాధుల చికిత్సలో పేరుపొందిన ఆయనకే క్షయ సోకెను. ఏదో మూల ప్రశాంతముగా కన్నుమూయవలెనని వచ్చినవాడు ఆ యెండలో కోలుకొనెను! 1861లో ఆయన ప్రకటించిన గ్రంథమును జదివి క్షయరోగులు గుంపులుగా రాజొచ్చిరి. 1869లో రైలుమార్గము వచ్చెను. పెద్ద హోటళ్లు లేచినవి. 1882 మార్చిలో విక్టోరియా రాణియే ఇచ్చట విడిదిచేసెను. అదే మాసమున బెర్లినులో కోఖ్ పండితుడు క్షయకు మూలము ఒక సూక్ష్మక్రిమియని, అది ఒకరినుండి యొకరికి సోకుననియు ప్రకటించెను. నీరెండ ఆ క్రిమిని జంపలేదు. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి కొందరికి కొన్ని యేండ్లు కలిపినవి, అంతే. పాతకోట యుండిన గుట్టమీద శ్మశానము కలదు. అచ్చటి ఇంగ్లీషు, రష్యను, జర్మను సమాధిఫలకములపై ఇరువది, ముప్పది యేండ్ల ప్రాయములే పలుమార్లు కనుపించును. ఎదుట అదే నీలిసముద్రము.

అంటురోగమని తెలిసినపిదప, ఒకప్పుడు రోగులను పిలిచిన ఆ తీరమే వారిని తరిమినది. న్యూజీలండు రచయిత్రి కాథరిన్ మాన్స్‌ఫీల్డును 1919లో ఇటలీతీరమందలి సాన్‌రెమోలో ఒక హోటలువారు క్షయరోగియని వెడలనంపి, గది శుద్ధిచేయుటకైన ఖర్చునుగూడ ఆమెచేతనే కట్టించుకొనిరి. 1920లో ఆమె మెంటన్ చేరి, గరవాన్ రైలుస్టేషను చేరువనున్న ఇసోలా బెల్లా అను ఇంటిలో మరుసటి వసంతమువరకు వసించెను. దగ్గుచు, పడకయందుండియే, తండ్రి చనిపోయినను ఆయన భయము వీడని యిద్దరు అవివాహిత సోదరీమణుల కథను అచ్చటనే వ్రాసెను. 1923 జనవరిలో ముప్పదినాలుగవ యేట ఆమె మరణించెను. క్షయక్రిమిని జంపు స్ట్రెప్టోమైసిను కనుగొనబడినది 1943లో. ఆ యింటి క్రిందిగది న్యూజీలండు రచయితల కొరకు 1970నుండి కేటాయింపబడియున్నది.

నిమ్మతోటలకును కష్టకాలము తప్పలేదు. 1956 ఫిబ్రవరిలో పడిన తీవ్రమైన మంచుకు చెట్లు మాడిపోయినవి. అయినను 1934లో ఆరంభమైన నిమ్మపండుగ ఫిబ్రవరి మాసమున నేటికిని జరుగుచున్నది. దాదాపు 140 టన్నుల పండ్లతో కోటలు, ఏనుగులు, బొమ్మలు కట్టుదురు. ఆ పండ్లలో అధికభాగము స్పెయినునుండి వచ్చును! మెంటన్‌లో పండునవి బొమ్మలకు చాలవు. చాలినను వానిని అట్లు వ్యర్థము చేయుటకు ఎవరికి మనసొప్పును? ఇటీవలి దశాబ్దములలో రైతులు ఆ రాతిమెట్లను బాగుచేసి మరల మొక్కలు నాటుచున్నారు. 2015లో మెంటన్ నిమ్మకు ఐరోపా ప్రభుత్వముల భౌగోళిక గుర్తింపు లభించినది. తొక్క చేదులేనిదగుటచే అచ్చటి యిల్లాండ్రు దానిని గూడ పారవేయక పంచదార పాకమున మురబ్బా చేసి, సీసాలలో నింపి, వేసవికి దాచుకొందురు.