కారు కీచుమంటే వినిపించుకోండి

కుక్కర్ విజిల్ తేడాగా వస్తే పక్కగదిలో ఉన్నా మనకి తెలిసిపోతుంది. గాస్కెట్ వదులైందని మూత తియ్యకముందే చెప్పేస్తాం. మిక్సీ గొంతు మారినా అంతే. అదేమిటో, కారు దగ్గరికి వచ్చేసరికి మాత్రం "అది మగవాళ్ల వ్యవహారం" అని చెవులు మూసుకుంటాం. అందులో కూర్చునేది మనమూ, మన పిల్లలూనే కదా!

కిందటేడాది బాబు పుట్టువెంట్రుకలకి విజయవాడ నుంచి తిరుమల ప్రయాణం పెట్టుకున్నాం. రెండు వారాల ముందు నుంచీ బ్రేకు నొక్కినప్పుడల్లా ముందు చక్రం దగ్గర కీచుమని సన్నటి శబ్దం. "దుమ్ము పట్టి ఉంటుంది, వచ్చాక చూపిద్దాంలే" అన్నారు మావారు. నాకేమో కొండ దిగే మొదటి ఘాట్ రోడ్డు మలుపులే కళ్లలో మెదిలాయి. కారులో అత్తయ్యగారు, ఇద్దరు పిల్లలు, సామాను. "ఏమండీ, చూపించాకే బయల్దేరదాం" అని పట్టుబట్టాను. మర్నాడు షెడ్డుకి నేనూ వెళ్లాను.

మెకానిక్ అబ్బాయి వెనక చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, ముందు చక్రం బోల్టులు వదులు చేసి, ఆ తర్వాతే జాకీ ఎత్తాడు. చక్రం తీస్తే లోపల పళ్లెంలా మెరుస్తూ డిస్కు. దాన్ని రెండువైపులా పట్టి ఆపే బిళ్లలే బ్రేక్ ప్యాడ్లు. కొత్తదాని మీద అరిగే పొర సుమారు 10 మిల్లీమీటర్లు ఉంటుంది. 3కి దిగిందంటే మార్చాల్సిందే. మా ప్యాడ్లకి రెండు రూపాయి బిళ్లలంత మందం కూడా మిగల్లేదు! "ఈ చిన్న రేకు చూశారామ్మా? పొర అరిగాక ఇది డిస్కుకి తగిలి అరుస్తుంది. వినకపోతే ఇనుమూ ఇనుమూ రాసుకుని డిస్కే పోతుంది" అన్నాడు. మావారు ఇంకేం మాట్లాడలేదు.

క్యాలిపర్‌ని ట్యూబు మీద వేలాడనివ్వకుండా తీగతో కట్టాడు. పిస్టన్‌ని మెల్లిగా వెనక్కి నొక్కి కొత్తవి అమర్చాడు. రెండోవైపు ప్యాడ్లు కొంచెం బాగానే ఉన్నాయి, అయినా అవీ మార్చాడు. ఒకవైపే మారిస్తే బ్రేకు వేసినప్పుడు బండి ఓ పక్కకి లాగుతుందట. అంతా అయ్యాక పెడల్ గట్టిపడేదాకా పదేపదే తొక్కి, బ్రేక్ ఆయిల్ చూసుకుని, అప్పుడే బండి కదిలించాడు. తొక్కకుండా కదిలిస్తే మొదటిసారి బ్రేకు అందదు. ఇది మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి.

కొత్త ప్యాడ్లు డిస్కుకి సర్దుకోడానికి రెండు మూడు వందల కిలోమీటర్లు పడుతుంది. అందాకా అవసరం లేకుండా గట్టిగా బ్రేకు వెయ్యకూడదు. కాబట్టి ప్రయాణానికి ముందురోజు కాక, కాస్త ముందే మార్పించుకోవాలి. మావి తిరుపతి చేరేలోపే సర్దుకున్నాయి. కొండ దిగేటప్పుడు మావారు గేరు తగ్గించి నెమ్మదిగా నడిపారు. ఎంత కొత్త ప్యాడ్లయినా అదేపనిగా నొక్కి ఉంచితే వేడెక్కి పట్టు తగ్గుతుంది మరి. వెనకసీట్లో అత్తయ్యగారు గోవిందనామాలు చదువుకుంటూ, పిల్లలు నిద్రపోతూ హాయిగా కిందికి వచ్చాం.

స్పానర్ మనమే పట్టుకోనక్కర్లేదు. కూరల షాపులో వంకాయ తిప్పి చూసినట్టే, షెడ్డులో "పాత ప్యాడ్లు చూపించు బాబూ" అని అడగండి. రెండువైపులా మార్చాడో లేదో చూడండి. బ్రేక్ ఆయిల్ మట్టం తగ్గుతోందంటే ప్యాడ్లు అరుగుతున్నాయేమో, ఎక్కడైనా కారుతోందేమో చూడమనండి. పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంటే మాత్రం ఆ బండి ఎక్కనే ఎక్కొద్దు. మన ఇంట్లోవాళ్లందరి ప్రాణం ఆ బిళ్లల మీదే ఉంది.