కృత్రిమహస్తమునకు స్పర్శజ్ఞానము

మా పినమామగారి కుడిచేయి చెరకుగానుగలో నలిగిపోగా మోచేతి దిగువ తీసివేయవలసి వచ్చినది. కుమారులు పట్టణమునుండి కృత్రిమహస్తము చేయించి తెచ్చిరి. శుభకార్యములకు దానిని తొడిగికొందురు. ఇంటికి రాగానే విప్పి గూటిలో నుంతురు. అంత ధనము వృథా యయ్యెనే యని ఒకనాడు మేమును తొందరపడి యంటిమి. "అమ్మాయీ, దీనితో మనుమని చేయి పట్టుకొన్నచో గట్టిగా నొక్కితినో, వదలివేసితినో నాకు తెలియదు. కన్నార్పక చూచుచుండవలెను" అని వారు బదులు చెప్పిరి. ఆ మాట మమ్ము చాలకాలము బాధించినది.

మల్లెపూలు కట్టునపుడు మన చూపు వాకిట నుండును, మాట పొరుగింటివారితో నుండును. అయినను కాడ తెగకుండ, ముడి వీడకుండ దారము బిగియుచునే యుండును. వ్రేళ్లకు తెలియుటచేతనే గదా!

అమెరికాదేశమున యూటా విశ్వవిద్యాలయమువారు 2019లో ప్రకటించిన పరిశోధనను గూర్చి మేము చదివితిమి. కెవెన్ వాల్గమాట్ అను గృహస్థుడు 2002లో విద్యుత్ప్రమాదమున ఎడమచేతిని పోగొట్టుకొనెను. చేయి పోయినను దానికి సంబంధించిన నరములు మిగిలిన భాగమున నుండును. మెదడులో ఆ చేతికి గల తావును చెరగిపోదు. ఈ విద్యకు ఇదియే మూలము. శాస్త్రజ్ఞులు నూరు సూక్ష్మవిద్యుదగ్రములు గల చిన్న సాధనమును ఆ నరములలో నమర్చిరి. యంత్రహస్తపు వ్రేలు దేనినైన తాకగానే, ఆ యొత్తిడిని కంప్యూటరు స్వల్పమైన విద్యుత్స్పందములుగా మార్చి నరమునకు పంపును. అప్పుడు లేని వ్రేలికే తాకినట్లు తోచును! తాకిన తొలిక్షణమున నరము అధికముగా స్పందించి పిదప తగ్గుట సహజము. ఆ తీరునే అనుకరింపగా, వస్తువు మెత్తనిదో గట్టిదో ఆయన మరింత త్వరగా గుర్తించెనట.

ఆయన ద్రాక్షపండ్లను నలుపక గుత్తినుండి త్రుంచెను. గ్రుడ్డును పగులకుండ నెత్తెను. భార్య చేతిని పట్టుకొనెను. గ్రుడ్డును గూర్చి యెవరెంత మెచ్చుకొన్నను, మాకు ఈ మూడవదియే ముఖ్యముగా తోచినది.

ఇదంతయు పరిశోధనశాలలోని పని. నరములలోని సాధనమునకు తగిలించిన తీగలు చర్మము వెలికి వచ్చి యంత్రమును చేరియుండెను. అట్టి దానితో పొలము వెళ్లుట, స్నానమాడుట యెట్లు?

మామగారికి చదివి వినిపించితిమి. "ఆమె చేతి వెచ్చదనము తెలిసెనా?" అని యడిగిరి. ఒత్తిడియే గాని వేడిమి కాదని చెప్పితిమి. వారు మరి మాటాడలేదు. పినత్తగారు ప్రక్కనే విస్తరి కుట్టుచు తల యెత్తలేదు గాని, ఈనెపుల్ల మాత్రము చేతిలో నాగిపోయినది.