పగటి కునుకుకు జోలపాట

చంటిపిల్లల్ని రాత్రి నిద్రపుచ్చడం ఒక ఎత్తు, పగలు నిద్రపుచ్చడం మరో ఎత్తు. చీకటి పడితే ఇల్లు దానంతటదే సద్దుమణుగుతుంది. పగలు కుక్కర్ కూత, కూరగాయల బండి కేక, అన్నయ్య ఆటల గోల, అన్నీ బిడ్డను తమవైపే లాగుతుంటాయి. నాలుగు నెలల నుంచి ఏడాది వరకు పిల్లలకు పగటి కునుకులతో కలిపి రోజుకు 12 నుంచి 16 గంటల నిద్ర అవసరం. ఇంత సందడి మధ్య పడుకునే వేళయిందని బిడ్డకు తెలియడానికి ఒక గుర్తు కావాలి. తరతరాలుగా ఆ పని జోలపాటే చేస్తోంది.

బిడ్డకు తల్లి గొంతు కొత్త కాదు. ఆరో నెల దాటేసరికి కడుపులో ఉండగానే వినడం మొదలవుతుంది. పుట్టి మూడు రోజులైనా కాని శిశువులు, పాలపీకను చప్పరించే తీరు మార్చుకొని మరీ తల్లి గొంతునే కోరి విన్నారని పరిశోధకులు డికాస్పర్, ఫైఫర్ 1980లో చూపించారు. 2020లో హార్వర్డ్ పరిశోధకులు అసలు పరిచయం లేని భాషల పాటలు పిల్లలకు వినిపించారు. మామూలు పాటలకన్నా జోలపాటలకే వారి గుండె వేగం ఎక్కువగా తగ్గింది. అంటే మాట అర్థం కాకపోయినా జోల తీరును బిడ్డ పోల్చుకుంటుంది.

ఆ తీరు మన పాటల్లో స్పష్టంగా కనిపిస్తుంది. అన్నమయ్య పేరుతో ఇంటింటా నిలిచిన ‘జో అచ్యుతానంద’ను పాడే నవరోజు రాగం మంద్రస్థాయి పంచమం నుంచి మధ్యస్థాయి పంచమం వరకే తిరుగుతుంది, తారస్థాయి జోలికే పోదు. సంగీతం నేర్వని తల్లి అయినా, అలసి ఉన్నా, గొంతు పెంచకుండా కూర్చున్నచోటే పాడుకోవచ్చు. నీలాంబరి కూడా లాలికి పేరుపడ్డ రాగమే. జో, లాలి అన్న మాటలు మళ్లీమళ్లీ వస్తాయి, ఊపు ఒకేలా సాగుతుంది, ఉలిక్కిపడేలా చేసే మలుపు ఎక్కడా ఉండదు.

పాట ఎంత మంచిదైనా వేళ తప్పితే పనిచేయదు. కళ్లు నలుపుకోవడం, ఆవలించడం, చూపు ఒకేచోట నిలిచిపోవడం, బొమ్మ చేతికిస్తే ముఖం తిప్పుకోవడం కనిపించగానే అందుకోవాలి. గుక్కపట్టి ఏడ్చేదాకా ఆగితే ముందు ఎత్తుకొని ఊరడించక తప్పదు. కిటికీ తెర వేసి, రోజూ అదే పాటను అదే చోట పాడితే కొన్నాళ్లకు మొదటి చరణంలోనే ఒళ్లు సడలుతుంది. పిడికిలి విచ్చుకుంటుంది, రెప్పలు బరువెక్కుతాయి. అప్పుడు పాట వేగం తగ్గాలి, మాటలు పోయి కూనిరాగం మిగలాలి, జోకొట్టే చెయ్యి నెమ్మదించాలి. మాగన్నులో ఉన్నప్పుడు పెదవులు కదిలినా కాలు విదిల్చినా లేచినట్టు కాదు, కంగారుపడి ఎత్తుకోకూడదు. పూర్తిగా నిద్రపోకముందే పక్కమీద వెల్లకిలా పడుకోబెడితే మధ్యలో మెలకువ వచ్చినా తనంతట తాను మళ్లీ నిద్రలోకి జారడం అలవాటవుతుంది.

బిడ్డ ఊపిరిని బట్టి ఇలా తగ్గడం ఫోన్‌లో పాటకు చేతకాదు. పైగా మధ్యలో ప్రకటన ఒక్కటి మోగితే అంతసేపు పడ్డ శ్రమ వృథా. శబ్దం సంగతి ఇంకా ముఖ్యం. పిల్లల్ని నిద్రపుచ్చడానికి అమ్మే 14 శబ్ద యంత్రాలను 2014లో పరీక్షిస్తే, పూర్తి శబ్దంతో 30 సెంటీమీటర్ల దూరంలో అన్నీ 50 డెసిబెల్స్ దాటాయి. ఆసుపత్రుల్లో శిశువుల గదులకు పెట్టిన హద్దు అది. ఇంట్లో పాడేవారు లేని వేళ రికార్డు పెట్టక తప్పదనుకుంటే దాన్ని రెండు మీటర్ల దూరంలో, తక్కువ శబ్దంలో పెట్టి, బిడ్డ నిద్రపోగానే ఆపేయాలి. దిండు పక్కన మాత్రం ఎప్పుడూ పెట్టకూడదు.

పాడేది అమ్మే కానక్కరలేదు. నాన్న, తాత, అమ్మమ్మ ఎవరు పాడినా పాట ఒకటే అయితే గుర్తు చెదరదు. శ్రుతి కాస్త తప్పినా బిడ్డకు పట్టదు.

ఆకలికి, తడిసిన బట్టకు, జ్వరానికి జోల మందు కాదు. రోజూ పాటకు ఊరుకునే బిడ్డ ఒకనాడు ఎంతకూ ఊరుకోకుండా, పడుకోబెట్టగానే ఏడుపు పెంచితే చెవిపోటు ఉండవచ్చు. అప్పుడు పాట ఆపి పిల్లల డాక్టరుకు చూపించండి.