వీలునామాలో దొరికిన పుట్టిల్లు

లండన్‌లో రైలెక్కితే గంటలో డోర్కింగ్ వచ్చేస్తుంది. సర్రే కౌంటీలో చిన్న ఊరు. అక్కడి వెస్ట్ స్ట్రీట్‌లో పాత సామాన్లు అమ్మే దుకాణాల మధ్య నాలుగు వందల ఏళ్లనాటి ఇల్లొకటుంది. దాన్ని వెతుక్కుంటూ అమెరికా నుంచి వచ్చేవాళ్లున్నారు. ఎందుకంటే... అది వాళ్ల తాతమ్మ పుట్టిల్లు!

ఆమె పేరు ప్రిసిల్లా మలిన్స్. తండ్రి విలియం చెప్పుల వ్యాపారి. 1612లో కొన్న ఈ ఇంటిని 1619లో అమ్మేశాడు. మరుసటేడు భార్య ఆలిస్, కూతురు ప్రిసిల్లా, కొడుకు జోసెఫ్‌లతో మేఫ్లవర్ ఓడెక్కాడు. మొత్తం 102 మంది ప్రయాణికులు. అమెరికాలోని ప్లిమత్ తీరం చేరాక, తొలి చలికాలంలోనే దాదాపు సగం మంది పోయారు. ప్రిసిల్లాకి అమ్మా నాన్నా, జోసెఫ్... ముగ్గురూ దూరమయ్యారు. పరాయి గడ్డమీద ఆ పిల్ల ఒంటరిగా మిగిలింది.

పోయేముందు విలియం వీలునామా చెప్పి రాయించాడు. భార్యకీ, ప్రిసిల్లాకీ, జోసెఫ్‌కీ తలా పది పౌన్లు. ఓడలో తెచ్చిన 21 డజన్ల షూలు, 13 జతల బూట్ల లెక్కా అందులోనే ఉంది. ఆ కాగితం సముద్రం దాటి వెనక్కొచ్చింది. 1621 జులైలో ఇంగ్లండ్ కోర్టు దాన్ని నమోదు చేస్తూ, విలియంది డోర్కింగ్ అని రాసుకుంది. వారసులకు దారి చూపించింది ఆ ఒక్క ముక్కే!

తర్వాత ప్రిసిల్లా, ఓడలో పీపాలు బాగుచేసే పనికి వచ్చిన జాన్ ఆల్డెన్‌ని పెళ్లాడింది. పదిమంది పిల్లలు. కూతురు రూత్ పెళ్లయ్యాక బాస్ ఇంటికి వెళ్లింది. రూత్ కూతురు హన్నా ఆడమ్స్ ఇంటి కోడలైంది. హన్నా మనవడే అమెరికా రెండో అధ్యక్షుడు జాన్ ఆడమ్స్. ఇంటిపేరు పట్టుకుని వెతికితే ఈ చుట్టరికం తేలేదేనా? అందుకే మేఫ్లవర్ వారసుల సంఘంలో చేరాలంటే తరతరానికీ పుట్టుక, పెళ్లి, చావు కాగితాలు చూపించాల్సిందే.

అయినా ఒక చోట దారి ఆగిపోతుంది. ప్రిసిల్లా తల్లి ఆలిస్ ఏ ఇంటి ఆడపడుచో ఇప్పటికీ తేలలేదు. చెప్పులు ఎన్ని డజన్లో రాయించిన వీలునామాలో ఆవిడ పుట్టింటి పేరు లేదు మరి!

ఇంతకీ మీ అమ్మమ్మగారి పుట్టింటి పేరేమిటి? వాళ్లమ్మగారిది? చెప్పేవాళ్లు ఇంట్లో ఉండగానే అడిగి రాసిపెట్టుకోండి.