పళ్ళెం అడుగు తిప్పి చూడండి



పోయిన వారం నేనేమీ రాయలేదు. చాలామంది ఫోన్ చేసి "అయ్యగారూ, ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగారు. బాగానే ఉంది. రాయాల్సిన సంగతి నా గురించే కావటంతో చెయ్యి ఆడలేదు. ఈ రోజు రాస్తున్నాను, దయచేసి చివరివరకూ చదవండి.

మన సంఘంలో పాత పింగాణీ సామాన్లు అమ్మే మామ్మగారు మీలో చాలామందికి తెలుసు. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయను. ఆమెకు దుకాణం లేదు, బోర్డు లేదు. ఇంటి అరుగు మీద రెండు చెక్క బీరువాలు, లోపలి గదిలో గడ్డి పరిచిన పెట్టెలు, అంతే. కాకినాడ, యానాం వైపు పాత మండువా లోగిళ్ళు పడగొట్టేటప్పుడు ఆ ఇళ్ళవాళ్ళు కబురు చేస్తారు. ఆమె వెళ్ళి ఊరగాయ జాడీలు, కెటిల్సు, కప్పులూ సాసర్లు, పెద్ద పెద్ద నీలిపూల పళ్ళేలు కొని ఆటోలో తెచ్చుకుంటారు. హోటళ్ళవాళ్ళు, ఇళ్ళు అలంకరించేవాళ్ళు, ఒక్కోసారి సినిమావాళ్ళు వచ్చి కొనుక్కుపోతారు. ఆ డబ్బుతోనే తల్లి లేని మనవరాలిని నర్సింగు చదివిస్తున్నారు.

ఆమె దగ్గర ఒక పద్ధతి ఉంది. పగులున్న వస్తువుకి, అంచు రాలిన వస్తువుకి, అతికించిన వస్తువుకి ఎర్రదారం కడతారు. కొనేవాళ్ళు ధర అడగకముందే ఆ దారం చూపించి, లోపం ఎక్కడుందో వేలు పెట్టి చెబుతారు. "ఇన్నేళ్ళ వ్యాపారంలో ఇదేం పద్ధతండీ" అని నేనే ఒకసారి నవ్వాను. ఇప్పుడు నవ్వు రావటం లేదు.

కిందటి నెలలో హైదరాబాద్ నుంచి ముగ్గురు పిల్లలు వచ్చారు. ఇద్దరు అబ్బాయిలు, ఒక అమ్మాయి. సినిమా చదువు చదువుతున్నారు. బర్మా నుంచి తిరిగొచ్చిన తెలుగు కుటుంబాల మీద ఒక డాక్యుమెంటరీ తీస్తున్నారు. వాళ్ళను మామ్మగారి దగ్గరకు పంపింది నేనే. ఆమెకి కెమెరా అంటే బెరుకు, అందుకని రెండు రోజులూ నన్ను పక్కనే కూర్చోమన్నారు.

బర్మా సంగతి తెలియని పిల్లల కోసం రెండు మాటలు. మన కోరంగి ఒకప్పుడు పెద్ద ఓడరేవు. మన వైపు నుంచి ఓడలెక్కి వెళ్ళినవాళ్ళు ఎక్కువ కావటంతో బర్మాలో తెలుగువాళ్ళందరినీ కొరంగీలనే పిలిచేవారు. రంగూన్ రేవులో మూటలు మోసింది వాళ్ళే, బియ్యం మిల్లుల్లో పనిచేసింది వాళ్ళే. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక లక్షలమంది భారతీయులు బయల్దేరారు, అడవులూ కొండలూ కాలినడకన దాటినవాళ్ళూ ఉన్నారు. యుద్ధం అయ్యాక కొందరు మళ్ళీ వెళ్ళారు. 1962లో అక్కడ సైన్యం అధికారం తీసుకుంది. 1964 మేలో యాభై, వంద చాట్ల నోట్లు చెల్లవన్నారు. దాచుకున్నదంతా చిత్తు కాగితమైంది. మామ్మగారి నాన్నగారు రైస్ మిల్లులో గుమస్తా. ఆ ఏడాదే కుటుంబమంతా ఓడెక్కి వచ్చి విశాఖపట్నంలో దిగారు. కంచరపాలెం వైపు కొన్నాళ్ళు ఉండి, తరవాత మన ఊరు చేరారు. అప్పుడు మామ్మగారికి ఎనిమిదేళ్ళు.

మొదటి రోజు షూటింగు సరదాగా గడిచింది. శబ్దం వస్తోందని ఫ్రిజ్ ఆపించారు, ఫ్యాను ఆపించారు, పక్కింటి కోడిని మాత్రం ఎవరూ ఆపలేకపోయారు. మామ్మగారు పళ్ళెం చేతిలో పట్టుకుని గోటితో కొట్టి చూపించారు. మంచిదైతే గంటలా ఖంగున మోగుతుంది, కంటికి కనపడని పగులుంటే చప్పగా పలుకుతుంది. పల్చని కప్పుని ఎండకెదురుగా పెడితే అవతల ఉన్న వేళ్ళ నీడ కనపడింది. కెమెరా అబ్బాయి ఆ గోటి దెబ్బ ఆరుసార్లు కొట్టించాడు. "బాబూ, ఇంకోసారి కొడితే నిజంగానే పగులుద్ది" అన్నారామె.

ఆ తరవాత వస్తువుని తిరగేసి అడుగు చూపించారు. "పైన పూలు చూసి మోసపోకూడదు, అడుగు చూడాలి" అన్నారు. మామ్మగారికి ఇంగ్లీషు రాదు. ఎప్పుడో ఒక కొనుగోలుదారు నేర్పిన లెక్క పెట్టుకున్నారు. దేశం పేరు ఒక్క మాటే ఉంటే ఒక కాలం, మూడు మాటలుంటే ఆ తరవాతి కాలం. ఇంటికెళ్ళి చదివితే ఆ లెక్కకు కారణం తెలిసింది. బయటినుంచి వచ్చే సరుకు మీద దేశం పేరు ఉండాలని అమెరికా 1890లో చట్టం చేసింది. అందుకే 'ఇంగ్లండ్' అని ఉన్నవి చాలావరకు ఆ తరవాతివి, 'మేడిన్ ఇంగ్లండ్' అని పూర్తిగా ఉన్నవి ఎక్కువగా 20వ శతాబ్దానివి. ఇంకో చిన్న కప్పు చూపించారు. దాని అడుగున 'మేడిన్ ఆక్యుపైడ్ జపాన్' అని ఉంది. యుద్ధంలో ఓడి, 1952 వరకు పరాయి సైన్యం కింద ఉన్న జపాను, బయటికి పంపిన సరుకు మీద ఆ మాట వేసేది. ఒక దేశం తన ఓటమిని కప్పు అడుగున అచ్చు వేసుకుని అమ్ముకుంది. ఇప్పుడు ఆ ముద్ర ఉందనే వెతికి కొనేవాళ్ళున్నారట.

రెండో రోజు అసలు సంగతి వచ్చింది.

బీరువాలో పై అరలో పెద్ద నీలం పళ్ళెం ఒకటి ఉంది. చెట్లు, వంతెన, పడవ, ఎగిరే రెండు పక్షులు. చూడటానికి కళ్ళు తిప్పుకోలేం. వెనక మధ్యకి పగిలితే పాతకాలం పనివాళ్ళు సన్నని ఇనప తీగతో కుట్లు వేశారు. అది చూడగానే ఆ పిల్లల కళ్ళు మెరిశాయి. "అమ్మమ్మా, ఇది మీ అమ్మగారు రంగూన్ నుంచి తెచ్చుకున్నారని చెప్పండి. ఓడలో పగిలితే ఇక్కడికొచ్చి కుట్లు వేయించారని చెప్పండి. సినిమా దీనిమీదే మొదలవుద్ది" అన్నారు. తప్పుడు ఉద్దేశమేమీ కాదు. మంచి కథ కావాలి వాళ్ళకి.

మామ్మగారు నా వైపు చూశారు.

అదే వారం హైదరాబాదు ఆసామి ఒకాయన ఫోన్ చేసి, ఆ పళ్ళేనికి బర్మా చరిత్ర ఉంటే పన్నెండు వేలు ఇస్తానన్నాడని నాకు తెలుసు. మనవరాలి ఫీజు కట్టే గడువు దగ్గర పడిందనీ తెలుసు. నేనేమన్నానో దాచకుండా రాస్తున్నాను. "చెప్పెయ్యండి మామ్మగారూ, ఎవరికి నష్టం? మీరు బర్మా నుంచి వచ్చిన మాట నిజమే కదా" అన్నాను. ఒక దైవసేవకుడు అన్న మాట అది.

ఆమె కాసేపు ఊరుకున్నారు. తరవాత కెమెరా వైపు కాకుండా నా వైపే చూసి అన్నారు: "అయ్యగారండీ, ఈ పళ్ళెం కాకినాడలో ప్లీడరు గారి ఇంట్లో కొన్నాను. అడుగున మూడు మాటలున్నాయి. దీనికి ఎర్రదారం కట్టి పెట్టుకున్నాను. దీనికి కట్టి నా మాటకి కట్టకపోతే ఎలాగండీ?"

ఎవరూ మాట్లాడలేదు. ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళారు. మంచినీళ్ళ బిందె మీద మూతగా పెట్టుకున్న చిన్న తెల్ల సాసరు ఒకటి తెచ్చారు. దాని మీద పువ్వు లేదు, అడుగున ముద్ర లేదు, అంచు రెండు చోట్ల రాలిపోయింది. "బర్మా నుంచి వచ్చింది ఇదండీ. రేవులో మా అమ్మ మెళ్ళో బంగారం తీసుకున్నారు. దీన్ని నా గౌనులో చుట్టి నా చేతికిచ్చింది. పిల్లదాని చేతిలో సాసరు ఎవరు లాక్కుంటారు? కప్పు తమ్ముడి మూటలో ఉంది, ఓడలోనే పగిలిపోయింది. మా అమ్మ పోయేవరకూ ఇందులోనే టీ పోసుకుని తాగింది. దీన్ని నేను అమ్మను. ఇది చూపిస్తే మీ సినిమాకి పనికొస్తే తీసుకోండి, లేకపోతే లేదు."

కెమెరా నడుస్తూనే ఉంది. మైకు పట్టుకున్న అమ్మాయి తల వంచుకుని కళ్ళు తుడుచుకుంది. సినిమాలో ఆ ముక్క ఉంచుతారో తీసేస్తారో ఆ పిల్లల ఇష్టం. పళ్ళెం మాత్రం ఎర్రదారంతోనే మూడు వేల అయిదు వందలకి అమ్ముడుపోయింది. ఫీజుకి మిగతాది స్త్రీల కూడికలో అక్కచెల్లెళ్ళు సర్దారు, మామ్మగారు నెలనెలా తీర్చుకుంటున్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. యెహోషువ గ్రంథం తొమ్మిదో అధ్యాయం తీశాను. గిబియోను వాళ్ళు పక్క ఊరివాళ్ళే. దూరదేశం నుంచి వచ్చినట్టు నమ్మించటానికి పాత గోనెలు, చినిగి కుట్టిన తిత్తులు, మాట్లు వేసిన చెప్పులు, బూజు పట్టిన రొట్టె తెచ్చుకున్నారు. కొత్తదానికి పాత రంగు పూసి అమ్మటం ఈనాటిది కాదు. యెహోషువ, పెద్దలు ఆ రొట్టెను చూశారు, నమ్మారు, దేవుని దగ్గర మాత్రం విచారించలేదు. మూడు రోజుల్లో నిజం బయటపడింది. ఎన్నోసార్లు ప్రసంగించిన భాగమే. ప్రతిసారీ నేను యెహోషువ పక్కన నిలబడి చెప్పాను. ఆ రాత్రి మొదటిసారి రొట్టె నా చేతిలో కనపడింది.

నా సాక్ష్యం మీలో చాలామందికి కంఠస్థం. నాకు డెంగీ జ్వరం వచ్చిందనీ, డాక్టర్లు చేతులెత్తేశారనీ, ఇరవై ఒక్క రోజులు మంచం మీద ప్రాణాపాయంలో ఉన్నాననీ, ప్రభువు లేపాడనీ చెబుతాను. జ్వరం వచ్చింది నిజం. ఆసుపత్రిలో ఉన్నది నాలుగు రోజులు. డాక్టరు గారు అన్నది "ప్లేట్‌లెట్లు తగ్గాయి, రెండు రోజులు చూద్దాం" అని. చేతులెత్తెయ్యటం అనే మాట మొదటిసారి ఒక పెద్ద సభలో నా నోటివెంట వచ్చింది. అందరూ "ఆమేన్" అన్నారు. తరవాతి సభలో నాలుగు రోజులు పది రోజులయ్యాయి, ఆ తరవాత ఇరవై ఒకటి. దేవుని మహిమ కోసమే కదా అనుకున్నాను. దేవుడు చేసిన మేలు చిన్న సాసరులా నా ఇంట్లో ఉంది. నేను మాత్రం జనానికి నీలం పళ్ళెం చూపిస్తూ వచ్చాను.

పోయిన ఆదివారం ఆరాధనలో నిలబడి ఈ సంగతి చెప్పాను. సంఘ పెద్ద ఒకాయన బయటకొచ్చాక "ఇప్పుడెందుకండీ ఇవన్నీ, నలుగురూ ఏమనుకుంటారు?" అని బాధపడ్డారు. ఆయన బాధ నాకు అర్థమైంది. చెప్పులు వేసుకుంటున్న ఒక కుర్రాడు మాత్రం వెనక్కి వచ్చి, "అయ్యగారూ, మీతో ఒక మాట చెప్పాలండీ" అన్నాడు. చాలాసేపు కూర్చున్నాం. ఏం చెప్పాడన్నది అతనికీ, నాకూ, ప్రభువుకీ మధ్య ఉంటుంది.

ప్రియులారా, యెహోషువ పదో అధ్యాయం కూడా చదవండి. ఆ గిబియోను వాళ్ళ మీదికే అయిదుగురు రాజులు యుద్ధానికి వస్తే, యెహోషువ రాత్రంతా నడిచి వాళ్ళను కాపాడటానికి వెళ్ళాడు. సూర్యుడు నిలిచిపోయిన రోజు అదే. అబద్ధంతో లోపలికొచ్చినవాళ్ళ కోసం దేవుడు పొద్దును ఆపాడు. వాళ్ళను చేరదీసింది బూజు పట్టిన రొట్టె కాదు, ఆయన కనికరం. ఆయన దగ్గర మనం పాతరంగు పూసుకోనక్కరలేదు. మన అడుగున ఏ ముద్ర ఉందో ఆయనకు ముందే తెలుసు.

ఈ వారం మీ ఇంట్లో ఒక పని చెయ్యండి. మీరు పదిమందికి చెప్పుకునే మీ కథ ఒకటి తీసుకుని, తిప్పి అడుగు చూడండి. పెంచిన అంకె ఉంటే తగ్గించండి. దాచిన పగులుంటే ఎర్రదారం కట్టండి. ధర తగ్గొచ్చు. మాట మిగులుతుంది.

ప్రార్థన: తండ్రీ, నీవు చేసిన మేలు ఎంత ఉందో అంతే చెప్పే నోరు మాకియ్యి. మా పగుళ్ళు దాచుకునే భయం తీసివెయ్యి. నీ దాసురాలైన ఆ మామ్మగారి చేతులను, ఆమె మనవరాలి చదువును దీవించు. ఆ ముగ్గురు పిల్లలను నిజం చెప్పేవారిగా నడిపించు. యేసు నామంలో అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.