రెండు గజాల దూరం

2020 నవంబరు చివర నేను విమానంలో బిజినెస్ క్లాసులో కూర్చుని హైదరాబాదు నుంచి బొంబాయి వెళ్ళాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం వినయం కాదు.

అంతకు ముందు నేను విమానం ఎక్కినది రెండేసార్లు. రెండుసార్లూ వెనక కుర్చీల్లోనే. ముందు గదిని దాటి పోయేటప్పుడు అక్కడ కూర్చున్నవాళ్ళ మొహాలు చూడకూడదనే మర్యాద ఏదో ఉన్నట్టు తల వంచుకుని పోయాను. ఆ తల వంపు ఎక్కణ్ణుంచి వచ్చిందో అప్పుడు ఆలోచించలేదు. నేను వెళ్ళి ఆ గదిలో కూర్చున్నాక గాని ఆలోచన రాలేదు. మధ్యతరగతి మనిషికి ఆలోచన సాధారణంగా ఆ వరసలోనే వస్తుంది.

ఆ ఏడు మార్చి 25 నుంచి దేశంలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. సినిమా షూటింగులు అంతకు కొద్ది రోజుల ముందే ఆగాయి. మా కాలేజీలో ఏప్రిల్ నుంచి సగం జీతం ఇస్తున్నారు, అదీ నెల దాటిన తరవాత. క్లాసులు ఫోనుల్లోకి వచ్చాయి. తెలుగు పాఠం చెప్పేవాడికి ఎదుట మనుషులు లేకపోతే ఎంత కష్టమో చెప్పి పాఠకులను విసిగించను. ఇట్లా ఉండగా, నా దగ్గర చదువుకుని ఇప్పుడు అసిస్టెంటు డైరెక్టరుగా పని చేస్తున్న కుర్రవాడు కబురు పెట్టాడు. వాళ్ళ కంపెనీ ఒక పౌరాణికం తీస్తున్నదట. అందులో పద్యాలున్నాయి. కథానాయిక వేషం వేసే అమ్మాయిది బొంబాయి. తన గొంతే తాను ఇచ్చుకుంటానని పట్టుపట్టింది. పద్యం పలికించడానికి ఒక మాష్టారు కావాలి.

జూబిలీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర బస్సు దిగి ఫిల్మ్‌నగర్ దాకా నడిచాను. మన సినిమా మద్రాసు నుంచి ఇక్కడికి ఒక్కరోజులో రాలేదు. అమీర్‌పేటలో సారథీ స్టూడియో 1950ల్లోనే కట్టారు. 1976లో అన్నపూర్ణ స్టూడియో వచ్చింది. తరవాత ఈ బండరాళ్ళ గుట్టలమీదికి ఒక్కొక్కరే చేరారు. పెద్ద పెద్ద గుండ్లను పిండి చేసి ఇళ్ళు కట్టారు. కొందరు రసికులు గుండును అట్లాగే ఉంచి దాని చుట్టూ ఇల్లు కట్టుకున్నారు. ఇక్కడ నేలను గజాల్లో కొలుస్తారు. ఎన్ని గజాల స్థలంలో ఉంటాడన్న దాన్నిబట్టే మనిషి ఎంతటివాడో తేలుతుంది.

సరిగ్గా ఆ ఏడే ప్రభుత్వం కూడా గజాల్లో మాట్లాడడం మొదలుపెట్టింది. మనిషికీ మనిషికీ మధ్య రెండు గజాల దూరం ఉండాలన్నారు. జూబిలీహిల్స్‌లో ఈ ఆజ్ఞను పాటించడం బొత్తిగా కష్టం కాదు. వాకిటి గేటుకూ వరండాకూ మధ్యనే ఇరవై గజాలుంటుంది. కాని ఆ కొండ దిగి యూసఫ్‌గూడా వైపు వస్తే కృష్ణానగర్. జూనియర్ ఆర్టిస్టులు, లైట్ బాయ్‌లు, మేకప్, కాస్ట్యూమ్స్ పనివాళ్ళు, డ్రైవర్లు, వేషంకోసం జిల్లాలనుంచి వచ్చిన కుర్రాళ్ళు - సినిమాను చేతులతో తయారుచేసేవాళ్ళలో చాలామంది అక్కడే ఉంటారు. వాన గట్టిగా పడితే పైనున్న నీరు ఆ వీధుల్లోకి దిగుతుంది. ఒక గదిలో నలుగురైదుగురు పడుకునే చోట రెండు గజాలు ఎవరు ఎవరికి ఇస్తారు? మొదట్లో ఆ దూరానికి సామాజిక దూరమని పేరు పెట్టారు. తరవాత ఎవరికో తప్పు అనిపించి భౌతిక దూరమన్నారు. తెలుగు పాఠాలు చెప్పేవాడిగా నాకు మొదటి మాటే నిజమైనదని తోస్తుంది. మడి, మైల, ఎడం అనే మాటలున్న భాషలో సామాజిక దూరమంటే అర్థం కానివాడెవడు? ఆ దూరాన్ని ఊళ్ళలో పుట్టుకతో ఇచ్చేవారు. ఇప్పుడు డబ్బుకు అమ్ముతున్నారు. అంటే పాతది పోయిందని కాదు, దాని పక్కన కొత్తదొకటి వచ్చింది.

ఆఫీసులో మేనేజరు నా చేతిలో టిక్కెట్టు పెట్టాడు.

"మాష్టారూ, మేడమ్ పక్క సీటే మీకు వేశాం. బొంబాయిలో రెండు రోజుల ప్యాచ్ వర్క్ ఉంది, ఆ తరవాత ఆమె డేట్లు లేవు. దారిలో రెండు పద్యాలు అయిపోవాలి."

"ఇంత ఖర్చెందుకండీ, నేను వెనక కూర్చుంటానే" అన్నాను.

"వెనకనుంచి పాఠమెట్లా చెబుతారు? కంపెనీ ఖర్చు, మీకెందుకు!"

ఆ టిక్కెట్టు వెల అప్పుడు నాకొచ్చే సగం జీతంకంటె ఎక్కువ. వద్దని గట్టిగా అనలేదు. వద్దనాలని లోపల లేదు. ఇది ఒప్పుకోకుండా మిగతాది రాస్తే ఈ వ్యాసానికి విలువ ఉండదు.

విమానాలు తిరిగి మొదలైనది 2020 మే 25న. అదీ మూడోవంతు మాత్రమే. మెల్లమెల్లగా పెంచుకుంటూ వచ్చి నవంబరులో నూటికి డెబ్బయి దాకా అనుమతించారు. కంపెనీలు ఇష్టమొచ్చిన ధర గుంజకుండా, మరీ తగ్గించి ఒకరినొకరు చంపుకోకుండా, ప్రయాణకాలాన్ని బట్టి కింది ధర, పై ధర నిర్ణయించారు. ఢిల్లీ-బొంబాయికి మొదట 3,500 నుంచి 10,000 రూపాయలు. ఈ కట్టడి బిజినెస్ క్లాసుకు వర్తించదన్నారు. పైగది సంగతి మార్కెట్టు చూసుకుంటుంది కాబోలు.

ఇంతకంటె రుచికరమైనది మధ్యకుర్చీ కథ. వెనక భాగంలో వరసకు అటు మూడు, ఇటు మూడు కుర్చీలు. మధ్యది ఖాళీగా ఉంచితే గాని మనుషులకు ఎడం రాదు. ఉంచితే కంపెనీకి గిట్టదు. విషయం కోర్టులదాకా పోయింది. జూన్ 1న పౌరవిమానయాన డైరెక్టరేటు ఒక ఉత్తర్వు ఇచ్చింది: వీలైనంతవరకు మధ్యకుర్చీ ఖాళీగా ఉంచండి, వీలుకాకపోతే అందులో కూర్చునేవాడికి ఒంటికి చుట్టుకునే గౌను ఒకటి ఇవ్వండి. స్థలం ఇవ్వలేనివాడికి గుడ్డ ఇచ్చారన్నమాట. రైళ్ళలోనూ ఇదే జరిగింది. వలస కూలీలను ఇళ్ళకు చేర్చే మొదటి శ్రామిక్ రైలు మన లింగంపల్లి నుంచే, మే దినం నాడే, ఝార్ఖండ్‌లోని హతియాకు బయలుదేరింది. రైలుకు సుమారు 1,200 మంది, మధ్య బెర్తు ఖాళీ. పది రోజులకే ఆ 1,200ను 1,700 చేశారు. ఆ మధ్య బెర్తులోకి వచ్చినవాడికి గౌను కూడా లేదు.

విమానంలో మా గదిలో ఎనిమిది కుర్చీలు. వెడల్పైనవి, చెయ్యి చాపితే పక్కవాడు తగలడు. బిజినెస్ క్లాసంటే ఏమేమో విన్నాను - పింగాణీ పళ్ళేలు, గాజు గ్లాసులు, వేడి తువ్వాళ్ళు, చదవడానికి పత్రికలు. ఆ రోజు అవేమీ లేవు. భోజనం అట్టపెట్టెలో వచ్చింది. వాడి పారేసే చెంచా. పత్రికలు తీసేశారు. నవ్వుతూ పలకరించవలసిన అమ్మాయి నవ్వు మాస్కు వెనక, మాస్కు ప్లాస్టిక్ తెర వెనక ఉన్నది. నాకూ ఆమెకూ మూతికి అదే గుడ్డ, మొహానికి అదే తెర. అలంకారాలన్నీ ఊడిపోయిన తరవాత ఆ గదిలో మిగిలినది ఎడమొక్కటే. కంపెనీవాడు ఇన్నేళ్ళుగా అమ్ముతున్నది ఆ ఎడమేనని, పింగాణీ అంతా దానిమీద వేసిన ముసుగని, నాకు అర్థశాస్త్రం ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. ఆ ఎడం నాకు సుఖంగా ఉన్నదని కూడా అర్థమైంది. ఎనిమిది నెలలుగా జబ్బు భయంతో ఎవరి దగ్గు విన్నా ఒళ్ళు బిగుసుకునేది. ఆ కుర్చీలో మొట్టమొదటిసారి ఒళ్ళు సడలింది.

ఇందులో తమాషా ఏమిటంటే, ఎనిమిదిమందిమి ముందు ఎక్కి కూర్చున్నాం గనక, వెనకకు పోయే నూరుమందికి పైగా మా భుజాలు రాసుకుంటూ పోయారు. రెండు గజాలు కాదు గదా, జానెడు లేదు. వైరసుకు తరగతులు తెలియవు.

ఆ నూరుమందిలో కాస్ట్యూమ్స్ ఆయన ఉన్నాడు.

ఆయన్ను నేనెరుగుదును. తెనాలి ప్రాంతంవాడు, నాటకాలకు దుస్తులు అద్దెకిచ్చే కొట్లో పని నేర్చుకుని ముప్పయ్యేళ్ళ కిందట సినిమాల్లోకి వచ్చాడు. కిరీటం కింద గుడ్డ ఎట్లా మడిస్తే నుదురు ఒరుసుకుపోదో ఆయనకు తెలిసినట్టు ఇంకొకరికి తెలియదని కంపెనీలో అందరూ చెప్పుకుంటారు. ఆయన కూతురు మా కాలేజీలో డిగ్రీ రెండో సంవత్సరం. ఆ వేసవిలో పని బొత్తిగా లేదు. సినిమా కార్మికులకోసం చిరంజీవి ముందుండి ఏర్పాటు చేసిన కరోనా క్రైసిస్ చారిటీ సరుకుల సంచీతో కొన్నాళ్ళు గడిచిందని ఆయనే ఒకసారి చెప్పాడు. జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం షూటింగులకు అనుమతి ఇచ్చినా పూర్తి పనులు రావడానికి చాలా నెలలు పట్టింది.

ఆయన చేతిలో గౌను పొట్లం ఉన్నది. అంటే మధ్యకుర్చీ. నా పక్కనుంచి పోతుండగా నేను ఫోనులోకి తల దించాను. మాస్కులోనూ తెరలోనూ నన్ను ఆయన గుర్తుపట్టి ఉండకపోవచ్చు. నేను మాత్రం ఆయన చేతులు చూసి గుర్తుపట్టాను. రెండు చేతులమీదా ఇస్త్రీ పెట్టె కాల్చిన మచ్చలుంటాయి. ఇదివరకు ఆ గదిని దాటుతూ నేను వంచిన తల వేరు, ఇప్పుడు కూర్చుని వంచిన తల వేరు. మొదటిదాన్ని బెరుకనుకుని క్షమించవచ్చు.

విమానం లేచాక పరదా వేశారు. ఇక పాఠం. పెదవులు కనిపించకుండా ఓష్ఠ్యాలు నేర్పడమెట్లాగో ఏ వ్యాకరణంలోనూ రాసి లేదు. "భ" అనమంటే "బ" అంటున్నదో "భ" అంటున్నదో రెండు తెరల అవతలినుంచి నాకు వినపడదు. నా నోరు చూసి నేర్చుకుందామంటే ఆమెకు కనపడదు. చివరకు అరచెయ్యి మూతిముందు పెట్టుకుని, ఒత్తక్షరం పలికినప్పుడు ఊపిరి ఎట్లా తగలాలో చూపించబోయాను. మాస్కులోనుంచి ఊపిరి రాదు. ఆ అమ్మాయి నవ్వింది, నేనూ నవ్వాను. ఆమెమీద నాకే కోపమూ లేదు. ఎనిమిది నెలలు పని లేక ఇంటి వాయిదాలు కట్టలేకపోయానని హిందీలో చెప్పింది. శ్రద్ధ ఉన్న మనిషి. ఒక పద్యం సగం దాకా వచ్చి, అలసిపోయి నిద్రపోయింది.

ఆ పద్యం పుష్పకవిమానం సందర్భంలోది. పుష్పకంలో ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుంటుందని మన ఇళ్ళలో ముసలమ్మలు చెబుతారు. అది కుబేరుడిది, రావణుడు లాక్కున్నది, రాముడు వానరులందరినీ ఎక్కించుకుని వచ్చినది. క్లాసులో ఈ కథ చెప్పినప్పుడల్లా ఇది ప్రజల ఊహ అని, విమానమన్నది చూడని జనం దానికి మొట్టమొదట కల్పించిన గుణం చోటు ఉండడమేనని చెబుతుంటాను. పిల్లలు రాసుకుంటారు. ఆ రోజు పరదావైపు చూస్తూ అది గుర్తుచేసుకున్నాను. లేచి వెనకకు వెళ్ళి ఆయన్ను పలకరించడానికి ఇరవై అడుగులు నడిస్తే చాలు. ప్రయాణంలో అటూ ఇటూ తిరగవద్దని ముందే చెప్పి ఉన్నారు. ఆ నిబంధన నాకప్పుడు చాలా సమంజసంగా కనిపించింది.

బొంబాయిలో మా ఎనిమిదిమందినీ ముందు దింపారు. కథానాయికను కారులో తీసుకుపోయారు. నాకోసం వేరే కారు వస్తుందన్నారు. సామాను దగ్గర నిలుచున్నాను. కాస్ట్యూమ్స్ ఆయన గౌను విప్పకుండానే పెట్టెలకోసం వచ్చాడు. ఈసారి తల దించడానికి వీల్లేకపోయింది.

"సార్! మీరూ ఇందులోనే వచ్చారా? కనపడలేదే!"

"ముందు కూర్చున్నాను" అన్నాను.

"మంచిది సార్. మేడమ్‌కు పద్యాలు చెప్పాలిగా." ఆయన గొంతులో ఎత్తిపొడుపేమీ లేదు. ఉంటే బాగుండునని నాకనిపించింది. గౌను అంచు వేళ్ళ మధ్య నలిపి చూస్తూ, "గుడ్డ కాదు సార్ ఇది. అయినా పారెయ్యబుద్ధి కావడం లేదు, పట్టుచీరెలమీద దుమ్ముపడకుండా కప్పొచ్చు" అన్నాడు. తరవాత కొంచెం ఆగి అన్నాడు: "మీతో ఒక మాట సార్. ఇంట్లో ఫోను ఒక్కటే. షూటింగుంటే మేనేజరు ఎప్పుడు పిలుస్తాడో అని నేను పట్టుకుపోతా. విమానం టిక్కెట్టు కూడా ఇందులోనే వేశారు. అమ్మాయికి క్లాసులు పోతున్నాయి. పొద్దున మీ కాలేజీ ఆఫీసు నుంచి ఫోను చేశారు - పిల్ల మూడు రోజులుగా రావడం లేదట, పేరు రాసి పంపారట, ఫీజు బాకీ కూడా ఉందట. ఎవరు పంపారో ఏమో. మీరొక మాట చెప్పండి సార్."

పంపినది నేనే. వరసగా మూడు రోజులు క్లాసులో కనపడనివాళ్ళ పేర్లు ఆఫీసుకు పంపాలని మాకు నియమం. ముందునాటి సాయంత్రం, ప్రయాణం తొందరలో, పదకొండు పేర్లు పంపాను. ఆ పదకొండులో ఒకటి ఈయన కూతురిదని చూసే పంపాను. ఎందుకు రావడం లేదో మాత్రం అడగలేదు.

"చెబుతాను" అన్నాను.

ఇంతలో డ్రైవరు నా పేరున్న కాగితం పట్టుకుని వచ్చాడు. మీరూ రండి, చోటుందిగా అన్నాను. పెట్టెలు ఐదున్నాయి, వ్యాను వస్తుంది, మీరు పదండి సార్ అని ఆయన నాకు దారి ఇస్తూ రెండడుగులు వెనక్కు జరిగాడు.

ఆ రాత్రి హోటలు గదిలో కూర్చుని కాలేజీ ఆఫీసుకు ఉత్తరం రాసి, జాబితాలోనుంచి ఆమె పేరు తీసెయ్యమన్నాను. తక్కిన పది పేర్లూ ఎవరెవరివో మళ్ళీ చూశాను. వాళ్ళ ఇళ్ళలో ఫోనులెన్ని ఉన్నాయో నాకు తెలియదు. గైరుహాజరుకు కారణం రాయవలసిన చోట ఏం రాయాలో తోచలేదు. ఆ ఫారంలో ఇచ్చిన కారణాలు మూడే. పదకొండు పేర్లకూ అనారోగ్యం అని రాసి పంపాను.