మాదాపూరు చూచి వచ్చితిమి

దసరా సెలవులలో హైదరాబాదునందలి మా అక్కగారి కుమార్తె యింటికి బోయితిమి. అమీరుపేటలో మెట్రో రైలెక్కి, స్త్రీలకు గేటాయించిన చోట గూర్చుండి హైటెక్ సిటీకి జేరితిమి. మా యెదుట నొక యువతి ఒడిలోని లాప్‌టాపుపై పని చేయుచునే, బిడ్డకు జ్వరపుమం దెంత పోయవలెనో ఫోనులో జెప్పుచుండెను. 1998లో వెలసిన సైబర్ టవర్సు నేటి యద్దాల మేడల నడుమ మిక్కిలి చిన్నదిగా దోచినది.

అమెరికావారి పగలు మనకు రాత్రి గదా! మా అమ్మాయి బిడ్డను నిద్రపుచ్చి, అత్తగారికి మందిచ్చి, మరల పనికి గూర్చుండును. ఇట్టి ఉద్యోగపు బడలికను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దన పట్టికయందు జేర్చినది, వ్యాధి యనలేదు. ఇంటి చాకిరి యా లెక్కలోనికి రాదు. సోదరీమణులారా, ఆ లెక్క వ్రాసినవారికి వంటిల్లు లేదు కాబోలు!

నాల్గవనాడు పాలు పొంగి పొయ్యిపై బడుచుండగా, ఆమె చూచుచునే నిలిచెను. “పిన్నీ, చేయి కదలలేదు” అనెను. నాడు మాకు చార్మినారు చూపుటకే యామె సెలవు పెట్టినది. ఆమెను బండుకొనబెట్టి, అత్తగారి మందులును బిడ్డ యన్నమును మేమే చూచుకొంటిమి. దీపాలవేళ వరకు లేవలేదు. చార్మినారు మేము చూడలేదు.